రక్తపరీక్ష ఎంతవరకు చెబుతుంది? మిగతాది ఎవరు చెప్పాలి?



"సైన్స్ ఉండగా తత్వశాస్త్రం ఎందుకు? ఉత్త మాటలే కదా" అని మా హాస్టల్లో సైన్స్ గ్రూపు వాళ్లంటారు. "అన్నీ ల్యాబులో తేలవు" అని ఆర్ట్స్ వాళ్లంటారు. మా ఇళ్లలో కాలేజీకి వచ్చిన మొదటి తరం మేము. సికిల్ సెల్ పరీక్షలతో ఈ వాదన మన గూడేల దాకా వచ్చింది కాబట్టి రాస్తున్నాం.

ముందు సైన్స్ మాట. సికిల్ సెల్ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాలకు అడ్డం పడతాయి. విపరీతమైన నొప్పులు, రక్తహీనత వస్తాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ మారిన జన్యువే వస్తే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే క్యారియర్. వాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఇందులో శాపం లేదు, చేతబడి లేదు. డాక్టరు చెప్పాడని కాదు, ఎవరు పరీక్షించినా అదే తేలుతుంది కాబట్టి నమ్ముతున్నాం. సైన్స్ బలం అక్కడుంది.

ఇంకో సంగతి. ప్రాణం తీసే మలేరియా నుంచి క్యారియర్లకు కొంత రక్షణ ఉంటుంది. అందుకే మలేరియా ఎక్కువున్న చోట్ల ఈ జన్యువు తరతరాలుగా నిలిచింది. మన దేశంలో 1952లో నీలగిరి ఆదివాసుల్లో దీన్ని గుర్తించారు. ఆఫ్రికాలో, అరబ్ దేశాల్లో, మధ్యధరా తీరంలో కూడా ఉంది. కాబట్టి 'ట్రైబల్ జబ్బు' అనడం సైన్స్ ప్రకారమే తప్పు.

ఇక్కడి నుంచి ల్యాబు మాట్లాడదు. ఒక అమ్మాయి కార్డులో క్యారియర్ అని ఉంటే సంబంధం వదిలేయాలా? ఆ కార్డు ఎవరెవరు చూడొచ్చు? 25 శాతం అంటే భయపడాలా, ధైర్యం చేయొచ్చా? చివరి మాట ఎవరిది? ఏది న్యాయం, ఎవరికి నష్టం అని కారణాలు చెప్పుకుంటూ వెతకడమే తత్వం. మన పెద్దలు పంచాయితీలో కూర్చుని పొద్దుపోయేదాకా చేసేది చాలాసార్లు ఇదే, పేరే వేరు.

"మన రక్తమే ఎందుకు తీస్తున్నారు?" అని కొందరు పెద్దలు అడుగుతారు. అది మూఢనమ్మకం అని కొట్టిపారేయొద్దు. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిస్లే ముక్కుల కొలతల్ని పట్టుకుని కులాలకూ తెగలకూ ఎక్కువ తక్కువలు కట్టాడు. అప్పుడు దాన్నీ సైన్సే అన్నారు. ముక్కు వెడల్పును బట్టి మనిషి విలువ ఎలా తెలుస్తుంది అని గట్టిగా అడగాల్సింది. ఆ తర్వాత సైన్స్ ఆ లెక్కను పక్కన పెట్టేసింది. తన తప్పు తాను దిద్దుకోవడం దాని గొప్పతనమే. కానీ అప్పటిదాకా అవమానం మోసింది మనలాంటి వాళ్లు.

కాబట్టి మా అభిప్రాయం ఇది. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద పరీక్షలు చేస్తున్నారు, అందరం చేయించుకుందాం. భయపడి దాక్కుంటే నష్టపోయేది మన పిల్లలే. అలాగే ఫలితం గోప్యంగా ఉంచుతారా, మన భాషలో వివరిస్తారా, జబ్బు తేలితే మందులిస్తారా అని రక్తం ఇచ్చేముందే అడుగుదాం. క్యారియర్ అని తెలిసిన అక్కనో చెల్లినో ఊళ్లో ఎవరైనా చిన్నచూపు చూస్తే ముందుగా అడ్డుపడాల్సింది చదువుకున్న మనమే.

మీ ఊళ్లో దీని గురించి ఏమనుకుంటున్నారో రాయండి.

జై ఆదివాసీ.