హిందూపురం కింద గుంతకల్లా?

మాది కొత్తచెరువు. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూసే ఊరు. నైరుతి మేఘాలని పడమటి కనుమలు ఆపేస్తాయి, బంగాళాఖాతం నుంచి వచ్చేవి మా దాకా వచ్చేసరికి నీరసిస్తాయి. పాత అనంతపురం జిల్లా మొత్తానికి ఏడాది సగటు వాన 550 మి.మీ. అటూ ఇటూ. అందుకే సెలవుల్లో కూడా నాకు వాన లెక్కల పిచ్చి.

భారత వాతావరణ శాఖ దేశాన్ని పావు డిగ్రీ గళ్ళుగా కోసి, రోజువారీ వర్షపాతం ఇస్తుంది. అడ్డంగా 135, నిలువుగా 129 గళ్ళు. అందులోంచి పాత అనంతపురం జిల్లా వరకు, 7 వరుసలు 8 నిలువులు కత్తిరించుకున్నాను. ప్రతి గడికీ చుట్టూ ఉన్న 8 గళ్ళని కలిపి సగటు తీయాలి, అంతే పని. పది నిమిషాల్లో పైథాన్‌లో రాసేశాను.

తూర్పు అంచుకి రాగానే ప్రోగ్రాం పడిపోయింది, అవతల గడి లేదు మరి. మనకి తెలిసిన చిట్కా ఒకటుందిగా, మాడ్యులో! అంచు దాటితే మళ్ళీ మొదటికి. నోకియా 3310 లో పాము గోడలోంచి దూరి అవతలి గోడలోంచి వచ్చేది చూడండి, అలాగన్నమాట. ఎర్రర్ పోయింది, మ్యాపు వచ్చింది, నాన్నకి పంపాను.

"హిందూపురం సైడు ఇంత వాన యాడ పడిందిరా?" అన్నాడు.

పడలేదు. పడింది గుంతకల్లులో. నా ప్రోగ్రాంలో హిందూపురానికి దక్షిణాన గౌరీబిదనూరు లేదు, నూటయాభై కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న గుంతకల్లు ఉంది. రాయదుర్గానికి పడమట ప్రొద్దుటూరు!

ఇంకో సంగతి తర్వాత తట్టింది. మాడ్యులో పెట్టకముందు కూడా హిందూపురం లెక్క తప్పే. పైథాన్‌లో ఇండెక్సు -1 అంటే చివరిది. అందుకే దక్షిణం, పడమర అంచుల్లో అది కిక్కురుమనకుండా చుట్టు తిరిగింది. తూర్పు అంచులో మాత్రమే అరిచింది. ఆ ఒక్క అరుపునీ నేనే నోరు నొక్కేశాను. సి, జావాల్లో అయితే -1 ని 7 తో భాగిస్తే శేషం -1 గానే వస్తుంది, ఇంకో 7 కలిపితేగానీ చుట్టు తిరగదు. అక్కడ కనీసం ఆలోచించాల్సి వస్తుంది.

చుట్టు తిప్పడం తప్పని అనడం లేదు. భూగోళమంతా తీసుకుంటే రేఖాంశాలు నిజంగానే చుట్టు తిరుగుతాయి, 359 పక్కన 0 రావాల్సిందే. అక్షాంశాలు అలా కాదు. ఉత్తర ధ్రువం దాటితే దక్షిణ ధ్రువంలో తేలం, అవతలి రేఖాంశం మీదుగా మళ్ళీ కిందికే దిగుతాం. ఒకే శ్రేణిలో ఒక దిక్కు చుట్టు తిరుగుతుంది, ఇంకో దిక్కు తిరగదు. జిల్లా మ్యాపులో అయితే ఏదీ తిరగదు.

పరిష్కారం చాలా సింపులు. కత్తిరించేటప్పుడే నాలుగు వైపులా ఒక్కో గడి ఎక్కువ ఉంచుకోవాలి. పొరుగువాళ్ళు అసలు డేటాలోనే ఉన్నారు, పారేసింది నేను.

ఇది సరదా ప్రోగ్రాం కాబట్టి సరిపోయింది. వాతావరణ ఆధారిత పంటల బీమాలో చేలో కాయ ఎండిందా అని చూడరు, లెక్కలో వాన ఎంతని చూస్తారు. అలాంటి చోట ఎవరో నాలాంటివాడు ఎర్రర్ పోయిందని సంతోషిస్తే, గుంతకల్లు వాన హిందూపురం రైతు పరిహారాన్ని తినేస్తుంది. ప్రోగ్రాం మాత్రం తప్పులేకుండా నడుస్తుంది.

కాబట్టి అంచు దగ్గర ఎర్రర్ వస్తే వెంటనే శేషం తీయకండి. అక్కడ నిజంగా ఏ ఊరుందో ముందు అడగండి. మా నాన్న అడిగినట్టు.