లివర్ క్యాన్సర్: స్విచ్ ఆగకపోతే?

పటాన్‌చెరు, బొల్లారం మందుల కంపెనీల్లో షిఫ్టులు చేసే ఫ్రెండ్స్.. ఇది మీకోసమే! మన కణాల్లో ‘రాఫ్’ అనే ప్రొటీన్ ఉంటుంది. కణం పెరగాలని చెప్పే స్విచ్ లాంటిది. లివర్ క్యాన్సర్‌లో చాలాసార్లు ఇది ఆఫ్ కాదు. గడ్డ పెరుగుతూనే ఉంటుంది.

సొరాఫెనిబ్ మాత్ర రాఫ్‌ని అడ్డుకుంటుంది, గడ్డకు కొత్త రక్తనాళాలు రాకుండా చూస్తుంది. బేయర్ కంపెనీ మాత్రలకు నెలకి దాదాపు రూ.2.80 లక్షలయ్యేది. 2012లో మన హైదరాబాద్ నాట్కో దేశంలోనే తొలి కంపల్సరీ లైసెన్స్ సాధించడంతో ఖర్చు రూ.9 వేలలోపుకి దిగింది.

అయితే ఈ మాత్రతో జబ్బు నయం కాదు, మామూలుగా కొన్ని నెలల ఆయుష్షు కలిసొస్తుందంతే. అందుకే ముందుజాగ్రత్త ముఖ్యం. లివర్ క్యాన్సర్‌కు పెద్ద కారణం హెపటైటిస్‌-బి. దానికి టీకా ఉంది. పెద్దవాళ్లకైతే సాధారణంగా ఆరు నెలల్లో మూడు డోసులు. మరి మీరు వేయించుకున్నారా? గుర్తులేకపోతే ఈ వీక్లీ ఆఫ్‌లోనే డాక్టర్‌ని అడిగేయండి.