ఎస్‌ఎంపీఎస్‌పై 450 వాట్లు అని ఉంటే, కరెంటు అంతా కాలుతున్నట్లేనా?

కరెంటు బిల్లు పెరిగితే ఏసీ తర్వాత అనుమానం కంప్యూటర్‌ మీదకే వెళ్తుంది. సీపీయూ లోపలుండే ఎస్‌ఎంపీఎస్‌పై 450 అనో, 500 అనో అంకె కనిపించడమే అందుకు కారణం. ఇంతకీ ఆ అంకెకు, మీ బిల్లుకు సంబంధం ఉందా?

ఆ అంకె ఏం చెబుతుంది?

అది ఎస్‌ఎంపీఎస్‌ గరిష్ఠంగా ఇవ్వగల శక్తి మాత్రమే. లోపలి భాగాలకు ఎంత అవసరమో అంతకు తగ్గట్టే అది కరెంటు తీసుకుంటుంది. విడిగా గ్రాఫిక్స్‌ కార్డు లేని కంప్యూటర్‌లో మామూలు ఆఫీసు పనికి సాధారణంగా 100 వాట్ల లోపే సరిపోతుంది. మానిటర్‌ ఖర్చు వేరు.

బిల్లులో తేడా ఎంత?

లోపలి భాగాలకు 80 వాట్లు కావాలనుకుందాం. ఎస్‌ఎంపీఎస్‌ సామర్థ్యం 70 శాతమైతే ప్లగ్గు నుంచి సుమారు 114 వాట్లు తీసుకుంటుంది. అదే 85 శాతమైతే 94 వాట్లు చాలు. రోజుకు 8 గంటల చొప్పున నెలకు 25 రోజులు వాడితే మొదటిదానికి దాదాపు 23 యూనిట్లు, రెండోదానికి 19 యూనిట్లు అవుతాయి. ఇంట్లో ఈ 4 యూనిట్ల తేడా చిన్నదే. 20 కంప్యూటర్లున్న స్కూలు ల్యాబ్‌లో మాత్రం అది నెలకు 80 యూనిట్లు.

మరి అసలు నష్టం ఎక్కడ?

సామర్థ్యం తక్కువైతే వృథా అయ్యే కరెంటు వేడిగా మారుతుంది. ఆ వేడికి లోపలి కెపాసిటర్లు త్వరగా దెబ్బతింటాయి. లోవోల్టేజీ ఉంటే అదే శక్తి కోసం ఎస్‌ఎంపీఎస్‌ ఎక్కువ ఆంపియర్లు లాగి మరింత వేడెక్కుతుంది. ఫ్యాన్‌కు దుమ్ము పడితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. చివరకు కంప్యూటర్‌ ఉన్నట్టుండి ఆగిపోతుంది. మీసేవ కేంద్రంలోనో, గ్రామ సచివాలయంలోనో అలా జరిగితే సగం నింపిన దరఖాస్తు పోతుంది, క్యూలో ఉన్నవాళ్లు మళ్లీ రావాల్సి వస్తుంది. నాలుగు యూనిట్ల కన్నా ఇదే పెద్ద ఖర్చు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

* పెద్ద అంకెను కాదు, లేబుల్‌పై 12 వోల్టుల దగ్గర రాసిన ఆంపియర్లు చూడండి. అక్కడ 14 ఆంపియర్లే ఉంటే ప్రాసెసర్‌, గ్రాఫిక్స్‌ కార్డు వంటి ముఖ్య భాగాలకు అందేది 168 వాట్లే.
* '80 ప్లస్‌' గుర్తు ఉందేమో చూడండి. 2004లో అమెరికాలో మొదలైన ఈ ప్రమాణం ప్రకారం 20, 50, 100 శాతం లోడ్ల వద్ద సామర్థ్యం కనీసం 80 శాతం ఉండాలి.
* యూపీఎస్‌పై రాసేది వీఏ, వాట్లు కాదు. 600 వీఏ యూపీఎస్‌ ఇచ్చేది సాధారణంగా 360 వాట్ల దాకానే. లేజర్‌ ప్రింటర్‌ను దానికి తగిలించొద్దు.

షాక్‌ కొడితే?

సీపీయూను ముట్టుకుంటే జిల్లుమంటోందంటే ఎర్తింగ్‌ సరిగా లేకపోవచ్చు. వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ప్లగ్గు తీసేసినా ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు నిల్వ ఉంటుంది కాబట్టి దాన్ని మీరు విప్పొద్దు.

ఫిర్యాదు ఎక్కడ?

ఇళ్లకు అందాల్సింది 230 వోల్టుల సరఫరా. తరచూ లోవోల్టేజీ ఉంటే 1912కు ఫోన్‌ చేసి, ఫిర్యాదు నంబర్‌ రాసిపెట్టుకోండి. కేంద్రం తెచ్చిన విద్యుత్‌ వినియోగదారుల హక్కుల నిబంధనలు-2020 ప్రకారం, సేవా ప్రమాణాలు పాటించని డిస్కం పరిహారం చెల్లించాలి. దాన్ని అడగాలంటే ఆ నంబరే మీకు ఆధారం.