పోస్టర్ మీద పెద్ద స్టార్లు.. థియేటర్లు మాత్రం పదే! లిమిటెడ్ రిలీజ్ వెనక అసలు లెక్క ఇదీ

పోస్టర్ మీద అల్ పచినో, ఆంథోనీ హాప్కిన్స్. ఇద్దరూ ఆస్కార్ విన్నర్లే. కానీ 2016లో బ్రిటన్‌లో విడుదలైన వీళ్ల సినిమా ‘మిస్‌కండక్ట్’ తొలి వీకెండ్ కలెక్షన్ ఎంతో తెలుసా? కేవలం 97 పౌండ్లు. లక్షలు, వేలు కాదు.. అక్షరాలా తొంభై ఏడు! ఆడింది 5 థియేటర్లలోనే.

మరి అంత పెద్ద స్టార్లున్నా ఇన్ని తక్కువ థియేటర్లు ఎందుకు? జనం రారని భయమా? సినిమా బాగోలేదా? కొన్నిసార్లు అదే నిజం. కానీ చాలాసార్లు ఆ సినిమాని థియేటర్‌లో డబ్బులు రావాలని వదలరు. మరి ఇంకెందుకు వదులుతారు? ఒక్కో కారణం చూద్దాం.

థియేటర్ పేరుకే.. బిజినెస్ వేరే

‘మిస్‌కండక్ట్’ థియేటర్లోకి వచ్చిన సమయానికే ఇంట్లో డబ్బులు కట్టి చూసే వీడియో ఆన్ డిమాండ్‌లోనూ ఉంది. ఇలాంటి సినిమాలకు అసలు ఆదాయం అక్కడే. తెలిసిన ముఖం పోస్టర్ మీద ఉంటే చాలు, విదేశీ హక్కులు, డిజిటల్ హక్కులు ముందే అమ్ముడుపోతాయి. స్టార్ కొద్దిరోజులే షూటింగ్‌కి వచ్చినా పోస్టర్ మీద ఆయనే పెద్దగా కనిపిస్తారు. థియేటర్ రిలీజ్ అనేది ‘ఇది కూడా సినిమానే’ అని చెప్పుకోవడానికి ఒక ముద్ర, అంతే.

దీనికి పరాకాష్ట 2006లో వచ్చిన ‘జిజిక్స్ రోడ్’. కేథరిన్ హైగల్ నటించిన ఈ సినిమా అమెరికా మొత్తం మీద డల్లాస్‌లోని ఒక్క థియేటర్‌లో, రోజుకి ఒక్క షో చొప్పున వారం ఆడింది. ఆ థియేటర్‌ని నిర్మాతే అద్దెకు తీసుకున్నారు. తెగిన టికెట్లు ఆరు, కలెక్షన్ 30 డాలర్లు. ఎందుకీ తంటా అంటే.. తక్కువ బడ్జెట్ సినిమాల కోసం నటీనటుల యూనియన్‌తో చేసుకున్న ఒప్పందం ప్రకారం అమెరికాలో థియేటర్ రిలీజ్ తప్పనిసరి. ఆ రూల్ కోసమే ఆ వారం రోజుల ఆట!

ఆస్కార్ కావాలా? థియేటర్‌కి రావాల్సిందే

రెండో కారణం అవార్డులు. సినిమా ఓటీటీ కోసమే తీసినా, ఆస్కార్‌కి పోటీ పడాలంటే అమెరికాలోని నిర్ణీత నగరాల్లో ఒకదానిలో కనీసం 7 రోజులు ఆడాలి. బెస్ట్ పిక్చర్ విషయంలో ఈ రూల్ ఇప్పుడు ఇంకా కఠినమైంది. ఆ ఒక్క వారంతో పాటు అమెరికాలోని టాప్ 50 మార్కెట్లలో పదింటిలోనూ ఆడించాలి.

2019లో రాబర్ట్ డి నీరో, అల్ పచినో, జో పెస్కీ లాంటి హేమాహేమీలతో మార్టిన్ స్కోర్సెసీ తీసిన ‘ది ఐరిష్‌మన్’ నవంబర్ 1న కొద్ది థియేటర్లలోకి వచ్చింది. అదే నెల 27న నెట్‌ఫ్లిక్స్‌లో ప్రత్యక్షమైంది. మధ్యలో ఉన్నది 26 రోజులే. ఇంత తక్కువ గ్యాప్ అయితే మేం వేయం అని పెద్ద మల్టీప్లెక్స్ చైన్లు తేల్చిచెప్పాయి. సినిమాకి 10 ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. అవార్డు మాత్రం ఒక్కటీ రాలేదు.

ప్రచారం ఖర్చు మిగులుతుందని

2024లో బ్రాడ్ పిట్, జార్జ్ క్లూనీ కలిసి నటించిన ‘వుల్ఫ్స్’ని ముందు భారీగా విడుదల చేస్తామన్నారు. రిలీజ్‌కి కొన్ని వారాల ముందు ఆపిల్ ప్లాన్ మార్చేసింది. ఒక్క వారం లిమిటెడ్ రిలీజ్, ఆ వెంటనే సొంత ఓటీటీలో స్ట్రీమింగ్. దర్శకుడు జాన్ వాట్స్ దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. సీక్వెల్ చేయడానికి కూడా ఆయన ఒప్పుకోలేదు.

కంపెనీ వైపు లెక్క సింపుల్. వేల థియేటర్లలో వేయాలంటే ప్రచారానికే కోట్ల డాలర్లు పోయాలి. పైగా ఫ్లాప్ అయితే కలెక్షన్లు అందరికీ కనిపిస్తాయి, పరువు పోతుంది. ఓటీటీలో అయితే ఎంతమంది చూశారన్నది కంపెనీ చెప్తేనే తెలుస్తుంది. స్టార్‌కి పారితోషికం ముందే అందుతుంది కాబట్టి ఆయనకు పెద్దగా నష్టం లేదు. పెద్ద తెర మీద చూద్దామనుకున్న ప్రేక్షకుడికే నిరాశ.

కొన్నిసార్లు వివాదమూ సినిమాని ముంచుతుంది. కెవిన్ స్పేసీపై 2017లో లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చాయి. అప్పటికే తీసేసిన ‘బిలియనీర్ బాయ్స్ క్లబ్’ 2018లో పది థియేటర్ల స్థాయిలోనే బయటికొచ్చింది. తొలిరోజు వసూలు 126 డాలర్లు. (2023లో లండన్ కోర్టు ఆయన్ను నిర్దోషిగా తేల్చింది. కానీ సినిమా కథ అప్పటికే ముగిసిపోయింది.)

మన దగ్గర సంగతేంటి?

మన దేశంలో గొడవంతా ‘గ్యాప్’ దగ్గరే. హిందీ సినిమా ఓటీటీకి వెళ్లాలంటే థియేటర్ రిలీజ్ తర్వాత 8 వారాలు ఆగాలన్నది నేషనల్ మల్టీప్లెక్స్ చైన్ల షరతు. 2023లో విజయ్ ‘లియో’ ఈ షరతుకు ఒప్పుకోలేదు. దాంతో అంత పెద్ద స్టార్ సినిమా అయినా హిందీ వెర్షన్ ఆ మల్టీప్లెక్సుల్లో పడలేదు. 2025లో ‘భూల్ చుక్ మాఫ్’ నిర్మాతలు రిలీజ్ ముంగిట థియేటర్లని వదిలేసి నేరుగా ఓటీటీకి వెళ్తామనేసరికి పీవీఆర్ ఐనాక్స్ బాంబే హైకోర్టు మెట్లెక్కింది. చివరికి సినిమా మే 23న థియేటర్లలోకే వచ్చింది.

తెలుగులో కోవిడ్ టైమ్‌లో వెంకటేష్ ‘నారప్ప’, నాని ‘టక్ జగదీష్’ నేరుగా ప్రైమ్ వీడియోలోకి వెళ్లాయి. ‘టక్ జగదీష్’ మీద తెలంగాణ ఎగ్జిబిటర్లు బహిరంగంగానే మండిపడ్డారు. ‘నారప్ప’ని పెద్ద తెర మీద చూడాలన్న ఫ్యాన్స్ కోరిక 2022 డిసెంబర్ 13న, వెంకటేష్ పుట్టినరోజు స్పెషల్ షోలతో తీరింది.

ఇక మన సింగిల్ స్క్రీన్ల లెక్క వేరు. ఇక్కడ ఎక్కువగా నడిచేది అద్దె పద్ధతి. జనం వచ్చినా రాకపోయినా డిస్ట్రిబ్యూటర్ వారానికి ఇంత అని థియేటర్‌కి అద్దె కట్టాలి. దానికి తోడు డిజిటల్ ప్రొజెక్షన్ చార్జీలు. వీటి మీదే 2018 మార్చిలో దక్షిణాదిలో థియేటర్లు మూతపడ్డాయి కూడా. అందుకే మార్కెట్ తగ్గిన హీరో సినిమా అయితే, చిన్న సెంటర్లలో అద్దె కట్టి నష్టపోవడం కంటే అసలు వేయకపోవడమే నయం అనుకుంటారు డిస్ట్రిబ్యూటర్లు.

థియేటర్ ఓనర్ల బాధ ఇంకోటి. పెద్ద సినిమాకి హౌస్‌ఫుల్ బోర్డు పడ్డా తమకొచ్చేది అదే అద్దె. అందుకే మల్టీప్లెక్సుల్లాగా తమకూ పర్సంటేజీ ఇవ్వాలంటూ 2025 మేలో రెండు తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు పట్టుబట్టారు. జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని హెచ్చరించి, తర్వాత వెనక్కి తగ్గారు.

లిమిటెడ్ అంటే ఫ్లాప్ కాదు

తక్కువ థియేటర్లు ఉన్నాయని సినిమాని తీసిపారేయకండి. 2022లో ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ మొదలైంది అమెరికాలో 10 థియేటర్లలోనే. మౌత్ టాక్‌తో పెరిగి పెరిగి వంద మిలియన్ డాలర్లు దాటింది, బెస్ట్ పిక్చర్ ఆస్కార్ కొట్టింది. అంతెందుకు, మన ‘ఆర్ఆర్ఆర్’ ఓటీటీలోకి వచ్చేశాక కూడా 2022 జూన్ 1న అమెరికాలో ఒక్క రాత్రి స్పెషల్ షోలు వేశారు. తెలుగు తెలియని ఆడియన్స్ థియేటర్లలో ఈలలేశారు. ఆ ఊపు తర్వాతి ఏడాది ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చేదాకా ఆగలేదు.

కాబట్టి ఈసారి పెద్ద స్టార్ సినిమా మీ ఊళ్లో పడకపోతే, ఒక్క విషయం చూడండి. ఓటీటీ డేట్ ఎప్పుడు? రెండు మూడు వారాల్లోనే ఉంటే, ఆ సినిమా థియేటర్‌ని నమ్ముకుని రాలేదన్నమాట. నగరాల్లో ఉన్నవాళ్లకి మరో స్క్రీన్ దొరుకుతుంది. ఒకే ఒక్క థియేటర్ ఉన్న ఊళ్లో అలా కాదు. అక్కడ సినిమా పడని ప్రతి శుక్రవారం గేట్ దగ్గర టికెట్ చింపే మనిషికి, క్యాంటీన్‌కి, సైకిల్ స్టాండ్‌కి కూడా గిరాకీ లేనట్టే. స్టార్ పారితోషికం ఆగదు. ఆగేది వీళ్ల రోజు కూలీ.