పుస్తకవిద్యయు పనిముట్టును

మన విద్యావంతుల గృహములలో నొక మాట తఱచుగా వినబడుచున్నది. అమ్మాయి భౌతికశాస్త్రము చదువవచ్చును, చదివి కళాశాలలో పాఠములు చెప్పుకొనవచ్చును. కాని తీగలతోడను, మరలతోడను దానికేమి పని యందురు. ఈ మాటలో రెండు దురభిప్రాయములు గలవు. చేతిపని బుద్ధిపనికంటె తక్కువ యనుట యొకటి. అది స్త్రీలకు తగదనుట రెండవది. ఈ రెంటిని మేము ఖండించుచున్నాము.

హెలెన్ ఎడ్వర్డ్సు జీవితమును చదువరులు చిత్తగింతురుగాక. ఈమె 1936లో అమెరికాలోని డిట్రాయిటున జన్మించెను. కార్నెల్ విశ్వవిద్యాలయమున 1966లో డాక్టరు పట్టమును బడసి, యచ్చటనే సింక్రోట్రానను యంత్రముపై పనిచేసెను. విద్యుత్కణములను వలయమువంటి గొట్టములో అయస్కాంతములచే త్రిప్పుచు, చుట్టుచుట్టునకు వాని శక్తిని పెంచునది సింక్రోట్రాను. కణముల శక్తి పెరిగినకొలది అయస్కాంతముల బలమును దానికి సరిగా పెంపవలయును. లెక్క తప్పెనా, కణములు గొట్టపుగోడను దాకి నశించును. ఇది బుద్ధితో పనిలేని కూలియని చెప్పువారెవరు?

1970లో ఈమె చికాగో సమీపమున, తరువాత ఫెర్మీ పేరు దాల్చిన ప్రయోగశాలకు వెళ్లి, మొదట 800 కోట్ల ఎలక్ట్రాను వోల్టుల బూస్టరు సింక్రోట్రాను పనిని, పిమ్మట టెవట్రాను నిర్మాణమును నడిపించినవారిలో ముఖ్యురాలయ్యెను. టెవట్రాను చుట్టుకొలత ఇంచుమించు 6.3 కిలోమీటర్లు. దాని అతివాహక అయస్కాంతములను ద్రవహీలియముతో సున్నకు దిగువ 268 డిగ్రీల చలిలో నుంచవలసియుండెను. 1983 జూలైలో నది కణములకు 51,200 కోట్ల ఎలక్ట్రాను వోల్టుల శక్తి నొసగెను. 1989లో ముగ్గురు సహచరులతో గూడ ఈమెకు అమెరికా జాతీయ సాంకేతిక పతకము లభించెను. 1995లో టాప్ క్వార్కును కనుగొన్నది ఆ యంత్రమువద్దనే. ఆ కణము పేరు పాఠ్యపుస్తకముల కెక్కినది. యంత్రనిర్మాతల పేరులు మన బాలికలలో నెందఱికి తెలియును?

ఇట్టి యుద్యోగము స్థిరము కాదని కొంద ఱాక్షేపింతురు. నిజమే. ఈమె కొంతకాలము పనిచేసిన టెక్సాసు మహాయంత్రమును 1993లో అమెరికా శాసనసభ మధ్యలోనే ఆపివేసెను. టెవట్రానును 2011లో నిలిచిపోయెను. కాని యంత్రముతో విద్య నిలిచిపోయెనా? ఈమె జర్మనీలోని హాంబర్గు శాస్త్రజ్ఞులతో గూడి నూతన అతివాహక యంత్రభాగములకై కృషిచేసెను. 2016లో మరణించువఱకు ఆమె గడించిన నేర్పు ఆమెతోనే యుండెను.

ఇది పరదేశపు ముచ్చట, మనకేల యందురా? ఇందోరులో 172 మీటర్ల చుట్టుకొలతగల ఇండస్-2 వలయము మన దేశపుదే. అట్టి యంత్రమును కనిపెట్టియుండు శాస్త్రజ్ఞుడు ఒరుల పరిశోధనలకు వెలుగు నిచ్చుచున్నాడు. ఆ పనికి మన పిల్లలు పోవలదా?

విజయదశమినాడు పనిముట్లకు పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కుదుము. మఱునాడు వానిని పట్టినవానిని చిన్నచూపు చూతుము. ఇంతకంటె వింత గలదా? తల్లిదండ్రులారా! ఇంటిలో విద్యుత్ పంకా చెడినపుడు కుమారునే పిలువకుడు, కుమార్తె చేతికిని మరచుట్టు నిండు. విప్పి చూడనిండు. చేతులకు మసి యంటినచో కడిగికొనును; చేతకానితన మట్లు కడుగబడునది కాదు.