చుక్కా గీతా కమాండులో భాగమే

డాక్యుమెంటేషన్‌లో ఫార్మాటింగ్ సవరణలంటే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో చిన్నచూపు ఉంది. హైఫన్ మార్చడం, ఫాంటు సరిచేయడం, చుక్కను పక్కకు జరపడం పైపై మెరుగులనీ, అసలు పని కోడ్ రాయడమేననీ చాలామంది నిర్వాహకుల నమ్మకం. ప్యాకేజీ మేనేజర్ల విషయంలో ఈ నమ్మకం పూర్తిగా తప్పు. డెబియన్, ఉబుంటు వాడే ఆప్ట్ ఒక్కదాన్ని చూసినా ఆ సంగతి తేలిపోతుంది.

ఆప్ట్‌లోని ఆప్ట్-గెట్ కమాండులో ప్యాకేజీ పేరు చివర ఖాళీ లేకుండా హైఫన్ పెడితే, ఇచ్చింది ఇన్‌స్టాల్ కమాండే అయినా, ఆ ప్యాకేజీ తొలగిపోతుంది. రిమూవ్ కమాండులో పేరు చివర ప్లస్ పెడితే ఇన్‌స్టాల్ అవుతుంది. ఇవి లోపాలు కావు, కమాండు వివరణ పత్రమైన మాన్ పేజీలో వివరంగా రాసి ఉన్న సదుపాయాలు. చుక్క విషయం ఇంకా తీవ్రమైనది. ఇచ్చిన పేరుతో ప్యాకేజీ ఏదీ దొరకక, ఆ పేరులో చుక్క ఉంటే ఆప్ట్-గెట్ దాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా, అంటే పేర్లతో పోల్చి చూసే నమూనాగా, తీసుకుంటుంది. అక్కడ చుక్కకు అర్థం ‘ఏదో ఒక అక్షరం’. ప్యాకేజీ పేరులో ఎక్కడ సరిపోలినా చాలు. విమ్ ఎడిటర్‌ను తీసేసే కమాండుతో ఒక వాక్యం ముగిసిందనీ, వాక్యాంతపు చుక్క పొరపాటున కమాండు ఫాంటు లోపల పడిందనీ అనుకుందాం. పాఠకుడు దాన్ని అలాగే కాపీ చేసి టెర్మినల్‌లో పెడితే విమ్-కామన్, విమ్-టైనీ వంటివన్నీ తొలగింపు జాబితాలోకి చేరతాయి. ప్రశ్నలు అడగకుండా సాగమనే -వై కూడా ఉంటే ఆపే అవకాశమే ఉండదు. ఆ చుక్కను ఫాంటు బయటికి జరిపే సవరణను పైపై మెరుగు అనడం ఎలా కుదురుతుంది?

హైఫన్‌కు మరో చిక్కు ఉంది. మాన్ పేజీలు రాసే రాఫ్ భాషలో ఉత్త హైఫన్ పదాలను కలిపే గీత. ముందు బ్యాక్‌స్లాష్ ఉంటేనే అది కమాండులో టైపు చేసే గీత అవుతుంది. కంటికి రెండూ ఒకేలా కనిపించవచ్చు, ప్రోగ్రాము మాత్రం మొదటిదాన్ని ఆప్షన్‌గా గుర్తించదు. డెబియన్ ప్యాకేజీలను తనిఖీ చేసే లింటియన్‌లో ఒకప్పుడు ఈ పొరపాటుకే ప్రత్యేకంగా ఒక హెచ్చరిక ఉండేది. మాన్ పేజీలను తెర మీదికి తెచ్చే గ్రాఫ్ ప్రోగ్రాము, 2023లో వచ్చిన 1.23 వెర్షన్‌లో, ఈ తేడాను తెర మీద తేడాగానే చూపడం మొదలుపెట్టింది. దిద్దని పేజీలు మరీ ఎక్కువ కావడంతో డెబియన్ తన వరకు ఆ మార్పును వెనక్కి తిప్పుకోవలసి వచ్చింది. చిన్న పనులని ఏళ్ల తరబడి పక్కన పెట్టిన సవరణల ఫలితమే ఇది.

బొద్దు అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు టైపు చేయాలి, ఇటాలిక్ చోట తన విలువ పెట్టుకోవాలి అన్నది మాన్ పేజీల ఒప్పందం. తెలుగు విద్యార్థులతో సహా, ఇంగ్లీషు వాక్యం సగమే అర్థమయ్యే పాఠకులకు ఈ అక్షరభేదమే ప్రధాన ఆధారం. ఆప్ట్ మాన్ పేజీలకు మూలమైన డాక్‌బుక్ ఫార్మాట్‌లో ఒక ట్యాగు తప్పితే ఆ ఆధారం పోతుంది.

నిర్వాహకుల విసుగుకు కారణం లేకపోలేదు. 2020 అక్టోబరులో, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపినవారికి టీషర్టులిచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో, ఆ ఉచిత టీషర్టుల కోసం పనికిరాని మార్పులు వెల్లువెత్తాయి. అంగీకరించిన ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేస్తూ ఆ కార్యక్రమ నిర్వాహకులు ఆ నెలలోనే నియమం మార్చారు. అయితే అక్కడ తిరస్కరించవలసింది పనికిమాలిన మార్పులను, ఫార్మాటింగ్‌ను కాదు. చదివేవారికి కనిపించని వరుసల పొడవు సర్దుబాట్లను నిరాకరించడం సబబే. కాపీ చేస్తే ఫలితం మారే సవరణను మాత్రం కోడ్ మార్పులాగే టెర్మినల్‌లో నడిపి చూసి స్వీకరించాలి.

అనువాదకులకు భారమన్న అభ్యంతరం ఇంతకంటే గట్టిది. మూలంలో ఒక్క గుర్తు మారినా ఆ పేరాకు ఉన్న అనువాదం ‘ఫజీ’గా మారి, మళ్లీ సరిచూసేదాకా పక్కన పడుతుంది. కానీ సరిగ్గా ఈ ఇబ్బందికే పీఓ4ఏ అనే అనువాద పనిముట్లలో ఎంఎస్‌జీఅన్‌టైపాట్ ఉంది. అర్థం మారని దిద్దుబాట్ల తర్వాత అది అనువాదాలను మూలంతో మళ్లీ జతపరుస్తుంది. సవరణ పంపేవారే దాన్ని నడిపి, సరిచేసిన పీఓ అనువాద ఫైళ్లను కూడా జతచేస్తే అనువాదకుల మీద భారం చాలావరకు తగ్గుతుంది.