రైలు లేని ఊళ్లో రైలు కూత

మాది గద్వాల. రైలు కూత వింటూ పెరిగా. అక్కను ఇచ్చింది నాగర్‌కర్నూల్‌లో. ఆ ఊరికి రైలు లేదు. వనపర్తి రోడ్ అని స్టేషన్ ఉంది కానీ, అది కూడా వనపర్తి టౌన్‌లో కాదు, మదనాపురం దగ్గర. గద్వాల-మాచర్ల లైను పడితే ఈ ఊళ్లకు రైలొస్తుందని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నా.

అందుకే అల్లుడి ఎనిమిదో పుట్టినరోజుకి బొమ్మ రైలు కొనిచ్చా. హెచ్‌ఓ స్కేల్, అంటే అసలు రైల్లో 87వ వంతు. బాగానే తిరిగింది. వాడు మాత్రం "మామా, కూత ఏది?" అన్నాడు. దసరాకి తెస్తానని మాటిచ్చేశా.

గద్వాల ప్లాట్‌ఫాం మీద నిలబడి ఫోన్‌లో కూత రికార్డ్ చేశా. చిన్న ఎంపీ3 బోర్డు, 3.7 వోల్టుల బ్యాటరీ తెచ్చా. సౌండ్ అదిరిపోవాలని 4 ఓమ్‌ల స్పీకర్లు రెండు ప్యారలల్‌లో కలిపా. కాసేపటికే బోర్డు కాలిపోయింది! రెండు నాలుగులు అలా కలిస్తే మొత్తం 2 ఓమ్‌లే. కరెంట్ రెట్టింపు లాగేస్తాయి. ఇంటర్ ఫిజిక్స్ లెక్కే ఇది. బీటెక్ చదివిన నాకు గుర్తుకే రాలేదు.

దసరాకి వెళ్తూ దారిలో వనపర్తిలో దిగి, ఫోన్ రిపేర్ షాపులో పాత ఫోన్ స్పీకర్ ఒకటి అడిగి తీసుకున్నా. ఈసారి కొత్త బోర్డుకి తగిలించే ముందే పరీక్షలు చేశా. మల్టీమీటర్ పెడితే 7 ఓమ్‌లు చూపించింది. 8 ఓమ్‌ల స్పీకర్‌కి అలా కాస్త తక్కువే చూపిస్తుంది. తర్వాత గోడ గడియారంలోని 1.5 వోల్టుల సెల్ తీసి, వైర్లు ఒక్క క్షణం తాకించా. 'టక్'మంది. అంటే ప్రాణం ఉంది.

అప్పుడు బోర్డుకి కలిపి కూత పెట్టా. అల్లుడు మొహం చిట్లించాడు. "గిదేంది మామా, దోమ లెక్కుంది!"

వాడన్నది నిజమే. స్పీకర్ ముందుకి గాలిని నెట్టినప్పుడు వెనక నుంచి లాగుతుంది. మధ్యలో అడ్డం లేకపోతే ఆ రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ముఖ్యంగా బరువైన శబ్దం పోతుంది. మంచినీళ్ల సీసా మూత తీసుకుని, పాత సిమ్ కార్డు ప్లాస్టిక్‌కి స్పీకరంత కంత చేసి పైన అతికించా. అందులో స్పీకర్ బిగించి, గాలి ఎక్కడా లీకవకుండా చుట్టూ గ్లూ పెట్టా. మళ్లీ నొక్కితే... గద్వాల స్టేషనే ఇంట్లోకొచ్చినట్టు అయింది. వంటింట్లోంచి అక్క పరుగెత్తుకొచ్చింది. పెళ్లయ్యాక తనకి మన ఊరి కూతతో తెల్లారడం లేదు కదా!

మీరూ చేస్తే వరుస ఇదే: ముందు మీటర్, తర్వాత సెల్, ఆ తర్వాత డబ్బా. బోర్డు ఆఖర్న.

రాత్రి పడుకునే ముందు అల్లుడు అడిగాడు. "మామా, మాకు అసలు రైలు ఎప్పుడొస్తది?"

దానికి నా దగ్గర ఏ మీటరూ లేదు.